పడమటి చెట్టు కుచ్చులు

చలికాలం వస్తే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకునే కొండ ఊళ్లో నరసాంబగారికి ఓ పెద్ద పెరడుంది. ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివరికి వినపడదు, అంత పెరడు. అందులో తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు పెకాన్ చెట్లు. పెకాన్ అంటే అక్రోటుకి చెల్లెలి వరస. పెంకు పలచన, పప్పు కమ్మన. నరసాంబగారు వాటిని నాటిన కొత్తల్లో చూసినవాళ్లంతా నవ్వారు. ఏళ్లు గడిచినా మోకాలెత్తు దాటలేదవి. మోట లాగే మైల ఎద్దు ఒక్కడే నవ్వలేదు.

"పైకి రావట్లేదంటే కిందికి పోతోందని. ముందు కాలూననీయండి, తల తర్వాత ఎత్తుతుంది" అనేవాడు.

అలాగే ఎత్తాయి. ఇంటిని మించిపోయాయి.

పడమటి చెట్టు తొర్రలో చిట్టాలు అనే ఉడుత కాపురం. మహా బిడియస్థురాలు. ఎవరైనా పలకరిస్తే తోక ముఖానికి అడ్డం పెట్టుకునేది. తూర్పు చెట్టు కింద నక్క ఉండేది. రాత్రిపూట అడవిపందులు పెరట్లోకి రాకుండా కూత పెడుతుందని, పెరటి పంచాయితీ ఆ చెట్టు కాపు నక్కకే రాసిచ్చినట్టు ఒప్పుకుంది. తూర్పు చెట్టు విరగకాసేది. పడమటిది ఏదో కాశాననిపించుకునేది గానీ, వేసవి మొదట్లో మాత్రం కొమ్మకొమ్మకీ పచ్చటి కుచ్చులు వేలాడేసుకుని, గాలి వీస్తే చాలు పసుపుపచ్చటి పొడి దులిపేది.

ఓ వేసవి పొద్దున కుడితి తొట్టి దగ్గర పంచాయితీ కూర్చుంది. పెద్ద మైల ఎద్దు. పక్కన నెమలి పుంజు.

"నా గోడు వినండి" అంది నక్క. "పడమటి గాలి తిరిగిందంటే ఆ ఉడుత చెట్టు దుమ్మంతా నా ముక్కులోనే. ఎలకని పట్టబోతే తుమ్ము. కునుకు పట్టబోతే తుమ్ము. కాయలు కాయడం చేతకాని చెట్టుకి ఇన్ని సోకులెందుకంట?"

"సోకులంటే?" అన్నాడు పుంజు, తన తోక సర్దుకుంటూ.

"నిన్నన్లేదు మామా. ఆ కుచ్చుల్ని అంటున్నా. రోజూ పొద్దున్నే ఎక్కడివక్కడ కొరికి పారెయ్యమనండి. దాని చెట్టు, దాని చాకిరీ."

ఎద్దు చిట్టాలు వైపు చూశాడు. "ఏమ్మా, నువ్వేమంటావు?"

చిట్టాలుకి అనాలని చాలా ఉంది. చెట్టుకి అక్కర్లేకపోతే అన్ని కుచ్చులెందుకు వేస్తుందని అడగాలనుంది. అందరూ తన వంకే చూసేసరికి తోక ముఖానికి అడ్డం పెట్టేసుకుంది.

"మీ ఇష్టం తాతా" అంది.

నోరున్నవాడిదే రాజ్యం. తీర్పు అయిపోయింది.

ఆ రోజు నుంచి తెల్లారడమే ఆలస్యం, చిట్టాలు కొమ్మకొమ్మా తిరిగి కుచ్చులు కొరికి కింద పడేసేది. పళ్లు పులిసిపోయేవి. తూర్పు వైపు చిటారుకొమ్మ ఒక్కటే వదిలేసింది. అక్కడ పికిలిపిట్ట గుడ్లు పొదుగుతోంది. కొమ్మ కదిలితే గూడు జారుతుంది.

"వదినా, నీకు మాట రాదా?" అంది పికిలిపిట్ట.

"తొర్రలో ఒక్కదాన్నే ఉంటే బాగానే వస్తుంది వదినా. నలుగురిలోనే రాదు" అంది చిట్టాలు.

వానలు పడ్డాయి. పోయాయి. కార్తీకం వచ్చింది. పడమటి చెట్టు ఎప్పటిలాగే తన వంతు కాసింది. తూర్పు చెట్టు కింద మాత్రం నక్క ముక్కుతో ఆకులు ఎగదోసి చూస్తే ఒక్క కాయ లేదు. తొట్టి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"దొంగతనం. కుచ్చులు కొరికిన పళ్లు ఊరుకుంటాయా? పిందెలోనే నా కాయలన్నీ కొరికేసింది. దాని చెట్టుకి కాయలున్నాయి, నా చెట్టుకి లేవు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? దాన్ని పెరట్లోంచి పంపించెయ్యండి."

చిట్టాలు వణికింది. తొర్రలో కళ్లు విప్పని పిల్లలున్నాయి. చలికి పెరడు దాటిస్తే బతకవు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎలా వణుకుతోందో చూడండి" అంది నక్క.

"వణికినవాళ్లంతా దొంగలైతే చలికాలం ఊరంతా దొంగలే" అన్నాడు ఎద్దు. "రేపు పొద్దున దాకా గడువిస్తున్నా. నీ మాటేంటో ఆలోచించుకుని రా అమ్మా."

చిట్టాలు తిన్నగా తూర్పు చెట్టెక్కింది. ఎన్నడూ ఎక్కలేదు, ఎక్కాల్సిన అవసరమూ రాలేదు. కాయలు ఎవరు తిన్నారో ఆనవాలైనా దొరుకుతుందేమోనని చూసింది. కాడల మీద పంటిగాట్లు లేవు. పిందెలు వాటంతటవే ఎండి రాలిపోయాయి. దిగబోతూ, పడమటికి చాచిన పైకొమ్మ చివర ఆగిపోయింది. అక్కడ ఆకుల చాటున, కింద నిలబడ్డవాళ్లకి కనపడకుండా, నిండైన కాయలు గుత్తిగా ఉన్నాయి.

చెట్టంతా బోడి. ఈ ఒక్క కొమ్మకే ఎందుకు?

అక్కడే కూర్చుని ఎదురుగా చూసింది. తిన్నగా ఎదురుగా పికిలిపిట్ట గూడున్న చిటారుకొమ్మ. తను కుచ్చులు కొరకని కొమ్మ అదొక్కటే. పొద్దుగూకేదాకా ఒకసారి ఈ కొమ్మనీ, ఒకసారి ఆ కొమ్మనీ చూస్తూ ఉండిపోయింది. పొడి అంటే దుమ్మనుకున్నాం. అది దుమ్ము కాదు. ఆ చెట్టు ఈ చెట్టుకి పంపే సారె.

ఈ సంగతి నక్కకి చెబితే? కొమ్మ చూపిస్తే, "ఇక్కడ దాచుకుందిరా దొంగ" అంటుంది. చిట్టాలు ఆ కాయల్ని అలాగే వదిలేసి దిగింది.

మర్నాడు తొట్టి దగ్గర చిట్టాలే ముందు మాట్లాడింది. "తాతా, నేను తియ్యలేదు. తియ్యలేదని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒక్క ఏడాది ఉండనీయండి. ఈసారి కుచ్చులు కొరకను. వచ్చే కార్తీకానికి నక్క బావగారి చెట్టు కాయకపోతే, మీరు పొమ్మనక్కర్లేదు, నేనే పోతాను."

"కాస్తే?" అన్నాడు పుంజు.

"కాస్తే ఆ కాపులో సగం నాకూ, నా పిల్లలకీ. ఆ ఏడే కాదు. ఏటేటా."

నక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "నీ చెట్టుకి కుచ్చులు వేలాడితే నా చెట్టుకి కాయలొస్తాయా? మా అత్తకి గాజులేస్తే మీ మామకి చెవుడు పోయినట్టు. సరే. ఒప్పుకున్నా. అందరూ విన్నారుగా?"

"నువ్వూ విన్నావా?" అన్నాడు ఎద్దు.

"నా నోటితో నేనేగా అన్నది."

వేసవి వచ్చింది. పడమటి చెట్టు కుచ్చులు ఊగాయి. నక్క తుమ్ముతూనే రోజులు గడిపింది, పోయేది ఉడుతే కదా అని ఓర్చుకుంది. వానలకి తూర్పు చెట్టుకి పిందెలు పట్టి నిలబడ్డాయి. కార్తీకంలో ఓ పొద్దున ఈదురుగాలికి టపటపమని రాలిన కాయల చప్పుడికి పెరడంతా నిద్ర లేచింది.

పుంజు గోళ్లతో గీసి కాయల్ని రెండు కుప్పలు చేశాడు. నక్క మొహం మాడిపోయింది.

"ఇందులో దీని గొప్పేముంది? చెట్టన్నాక ఓ ఏడు అలుస్తుంది, ఓ ఏడు కాస్తుంది. కుచ్చులకీ దీనికీ సంబంధం లేదు. పందెం చెల్లదు."

అందరూ చిట్టాలు వంక చూశారు. తోక ముఖానికి అడ్డం రాబోయింది. దించుకుంది.

"అంతేనేమో బావగారూ. మీకు తుమ్ములు కూడా ఎక్కువయ్యాయి. సంబంధం లేదంటున్నారు గనక, వచ్చే వేసవి మళ్లీ ఒక్క కుచ్చు లేకుండా కొరికేస్తాను. కుచ్చు కనపడగానే మొదలుపెట్టనా?"

నక్క తన కుప్ప వంక చూసుకుంది, పడమటి చెట్టు వంక చూసింది.

"వద్దులే" అంది మెల్లగా.

"వినపడలేదు" అన్నాడు పుంజు.

"కొరకొద్దన్నాను. ఉండనీ."

మైల ఎద్దు తల పంకించి మోట దగ్గరికి నడిచాడు. చిట్టాలు బుగ్గ నిండా కాయ పెట్టుకుని తొర్రకి పోయింది.

పొరుగు చెట్టు పూత దులిపిస్తే, రాలేది మన చెట్టు పిందే.