సిలువ కింద వేపకొమ్మ

ఎవరేం అడిగినా, జవాబు చెప్పే ముందు చలమయ్య మాస్టారు చెప్పుల కోసం వెతుక్కునేవారు. కూర్చున్నచోట కూర్చుని చెప్పగలిగిన జవాబు ఆయన దగ్గర ఒక్కటీ ఉండేది కాదు. ఆ సంగతి ఆయన దగ్గర చదువుకున్న వాళ్లందరికీ తెలుసు. అయినా ఆ రోజు ఉజ్వల మాటలతోనే తేల్చుకోవాలని వచ్చింది.

ఆమె లా చదువుతోంది. టీకా కార్డు లేని పిల్లలను బడిలో చేర్చుకోరాదని రాష్ట్ర శాసనసభ ముందు ఒక బిల్లు ఉంది. మత విశ్వాసం అడ్డొచ్చే కుటుంబాలకు అందులో మినహాయింపు ఇవ్వాలా వద్దా అని ఊరూరా జనాభిప్రాయం అడుగుతున్నారు. మర్నాడు తమ ఊళ్లో జరిగే సభలో ఉజ్వల మాట్లాడాలి. పదకొండు పేజీలు రాసుకుంది. వాటిలో "మూఢత్వానికి మినహాయింపు లేదు" అన్న వాక్యం నాలుగు చోట్ల ఉంది.

"పిల్ల ప్రాణం ఒకవైపు, తండ్రి మనస్సాక్షి ఒకవైపు. ఇందులో ఆలోచించడానికేముంది మాస్టారూ? గీత ఎక్కడ గీయాలో మీరే చెప్పండి."

మాస్టారు చెప్పులు తొడుక్కుని బయల్దేరారు. ఆమె వెనకే నడిచింది.

వాళ్లు వెళ్లింది రేవు పక్క కాలనీకి. అక్కడ వలలు అల్లే దావీదు, జబ్బు చేసినా మందుమాకులు ముట్టని ఒక ప్రార్థన సమాజం మనిషి. సూది పొడిపించుకోవడమంటే దేవుణ్ని శంకించడమేనని వాళ్ల నమ్మకం. అతని తొమ్మిదేళ్ల కూతురు రూతుకు ఒక్క టీకా కూడా పడలేదు. పేరు రాయలేదు గానీ, ఆ పదకొండు పేజీల్లో ఉజ్వల మండిపడింది ఈ మనిషి మీదే.

ఇంటి ముందుకొచ్చి ఆమె ఆగిపోయింది. ద్వారబంధం మీద చెక్క సిలువ. దాని కిందే పచ్చి వేపకొమ్మ వేలాడుతోంది.

ఆ కాలనీలో పిల్లకు తట్టు పోస్తే అమ్మవారు వచ్చిందంటారు. గుమ్మానికి వేప కడతారు. తట్టు దిగి మూడుసార్లు నీళ్లు పోసేదాకా ఆ గడప ఎవరూ తొక్కరు. కానీ అది అమ్మవారిని నమ్మేవాళ్ల ఆచారం. దావీదు అమ్మవారి జాతరలో పంచిన కొబ్బరి ముక్క కూడా నోట పెట్టడు.

పక్కింటి నూకాలు, చంకలో పసివాడితో, తన అరుగు మీంచే చెప్పింది. "మొన్న పొద్దున్నే తనే కట్టాడమ్మా. వాళ్ల ప్రార్థన చేయించే అయ్యగారొచ్చి పీకెయ్యమన్నారు. పీకలేదు. ఇంక ప్రార్థనకి రావద్దన్నారంట. పుట్టినప్పట్నుంచీ ఎరిగిన మనుషులు, ఇప్పుడు ఇటు తిరిగి చూడట్లేదు." పిల్లవాణ్ని రెండో చంకలోకి మార్చుకుంది. "వీడికి ఐదో నెల. తట్టు సూది తొమ్మిదో నెల దాకా వెయ్యరంట. రోజూ వీణ్ని ఊపి నిద్రపుచ్చేది ఆ రూతేనమ్మా."

సగం తెరిచిన తలుపు వెనక దావీదు కనిపించాడు. "అక్కడే ఆగండి మాస్టారూ."

ఉజ్వల అడగకుండా ఉండలేకపోయింది. "సూది పాపమన్నారు. మరి ఈ కొమ్మ పాపం కాదా?"

"పాపమేనండి." అతని గొంతులో తడబాటు లేదు. "పిల్లకి తట్టండి, రాకండి అని నోటితో చెబితే ఎవరాగుతారండి? చూసిపోదామని ఇంకా వస్తారు. ఇది కనబడితే గడప దాటరు. పసోడున్నాడు కదండి. దేవుడికి నేను చెప్పుకుంటాను."

నమ్మకం కోసం ప్రాణమిచ్చినవాళ్ల గురించి ఉజ్వల చాలా చదివింది. పక్కింటి బిడ్డ కోసం తన పరలోకాన్నే పణం పెట్టిన మనిషిని చూడటం అదే మొదలు. తనకు తెలియకుండానే చేతులు జోడించింది.

లోపల రూతు దగ్గడం మొదలుపెట్టింది. ఎంతసేపటికీ ఆ దగ్గు ఆగలేదు.

"పాపకెలా ఉంది?" అని అడిగారు మాస్టారు.

"రెండు రోజులైందండి మెతుకు ముట్టి. రాత్రి నుంచీ ఊపిరి ఎగపోస్తోంది."

ఆ మాట చెప్పి దావీదు తల దించుకున్నాడు. ఆసుపత్రి ఊసు ఎవరూ ఎత్తలేదు. అతని చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. తలుపు మూయనూ లేదు, తెరవనూ లేదు.

"ఇతన్ని ఏ చట్టం..." అని మాస్టారి వైపు తిరిగింది ఉజ్వల.

"నూటెనిమిదికి ఫోన్ చెయ్యి తల్లీ," అన్నారాయన మెల్లగా. "బండి వచ్చి ఈ గుమ్మం ముందు నిలబడనీ. ఎక్కమని మాత్రం అతనికి చెప్పకు. ఆ కొమ్మ కట్టమని కూడా అతనికెవరూ చెప్పలేదు."