గూడబాతు సంచిలో లాటరీ చేపలు

అనగనగా ఒక మడుగు. అందులో చేపలు ఎక్కువ, ఒడ్డున సభలు ఇంకా ఎక్కువ.

ఆ మడుగు పల్లపు ఒడ్డున, జమ్ము పొదలో, ఒక నీటికోడి గూడు కట్టుకుని గుడ్లు పెట్టింది. వానాకాలం దగ్గరపడింది. వాన వస్తే మడుగు పొంగుతుంది. పొంగితే ముందు మునిగేది ఆ గూడే. అడ్డంగా ఒక మట్టికట్ట వేస్తే చాలు. వేయడానికి పందికొక్కులు సిద్ధమే. అయితే కూలి లేనిదే అవి గోరు కదపవు. కూలి అంటే చేపలు.

నీటికోడి సభకు వెళ్లి మొరపెట్టుకుంది.

సభకు పెద్ద కొంగ తాత. ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని అంతా విన్నాడు.

"మంచి పనే. తలా ఒక చేప చందా ఇస్తారా?" అని అడిగాడు.

సభ మొత్తం ఆకాశం వైపు చూసింది. మబ్బులు బాగున్నాయి.

అప్పుడు లకుముకిపిట్ట లేచింది. "చందా అంటే ఎవరిస్తారు తాతా! లాటరీ పెడదాం. చేప ఇచ్చినవాళ్లకు ఒక నత్తగుల్ల. దాని మీద ఎవరి గుర్తు వాళ్లు గీసుకోవాలి. కట్ట పూర్తయ్యాక ఒక గుల్ల తీద్దాం. ఎవరి గుల్ల వస్తే వాళ్లకు ఇంత పొడుగు కొర్రమీను! తాతగారే పట్టి ఇస్తారు."

కొంగ తాత మొదటిసారి కళ్లు తెరిచాడు. "అది జూదం కాదుటే?"

"జూదమెలా అవుతుంది? గెలిచినవాళ్లకు చేప, ఓడినవాళ్లకు పుణ్యం. ఇందులో నష్టపోయేదెవరు?"

"చేపలు," అన్నారెవరో వెనక నుంచి.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. నిద్రపోతున్నవాళ్లను ఒప్పుకున్నవాళ్ల కింద జమకట్టారు.

చేపలు దాచే పని గూడబాతుకు అప్పగించారు. ముక్కు కింద అంత పెద్ద సంచి మడుగులో ఇంకెవరికీ లేదు. నీటికోడి ఆ పూట పస్తుండి తన చేప కూడా అందులో వేసింది. గూడబాతు కూడా తన వంతు చేప వేసుకుని, ఒక గుల్ల మీద గుర్తు గీసుకున్నాడు.

మరునాడు సభ కూడింది. పందికొక్కులు ముందు వరసలో కూర్చున్నాయి.

"ఏమయ్యా గూడబాతూ, వసూళ్లు ఎలా ఉన్నాయి? వివరంగా చెప్పు," అన్నాడు కొంగ తాత.

గూడబాతు మర్యాదస్తుడు. పెద్దలు అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేడు. నోటి నిండా చేపలతో మాట్లాడనూ లేడు. గుటుక్కున మింగాడు.

"బ్రహ్మాండంగా ఉన్నాయండి," అన్నాడు.

నీటికోడి అతని మెడ వైపే చూస్తోంది. ఏదో ఉబ్బెత్తుగా పైనుంచి కిందికి జారింది. అది తన కట్ట అని ఆమెకు అర్థమైంది.

పందికొక్కులు ఖాళీ సంచిలోకి తొంగిచూసి ఇళ్లకు వెళ్లిపోయాయి.

సభ లోతుగా చర్చించింది. తప్పు ప్రశ్నదేనని తేల్చింది. "వివరంగా చెప్పమన్నాం కాబట్టి మొత్తం మింగాల్సి వచ్చింది. ఈసారి చిన్న ప్రశ్న వేద్దాం."

మళ్లీ చేపలు, మళ్లీ గుల్లలు. ఈలోగా వాన మొదలైంది. నీళ్లు జమ్ము మొదళ్ల దాకా వచ్చాయి.

రెండో సభలో నీటికోడి ముందుగానే లేచింది. "తాతా, మీకు దండం పెడతాను. ఆయన్ని ఏమీ అడక్కండి!"

"లెక్క అడగొద్దా? పదిమంది సొమ్ముకు లెక్క అడగడం సభ హక్కు!" అంది లకుముకిపిట్ట. అందరూ రెక్కలు టపటపలాడించారు.

"చేపలు ఉన్నాయా? ఒక్క ముక్కలో చెప్పవయ్యా," అన్నాడు కొంగ తాత.

గుటుక్.

"ఉన్నాయండి," అన్నాడు గూడబాతు. అనే సమయానికి లేవు.

ఆ సాయంత్రం నీళ్లు గూటి అడుగును తాకాయి. నీటికోడి గుడ్ల మీద కూర్చుని ఆలోచించింది. సభ ప్రశ్న మానదు. గూడబాతు జవాబు మానడు. వాళ్లను మార్చేలోగా గూడు మునుగుతుంది.

మూడోసారి చేప ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పలేదు. నీటికోడి గూడు గూడుకూ తిరిగింది. "వదినా, ఈ ఒక్కసారికి ఇవ్వు. ఈసారి సభ కట్ట వేసే చోటే పెట్టిస్తాను," అని బతిమాలింది.

"అక్కడంతా తడి. కాళ్లు పాడవుతాయి," అన్నాడు కొంగ తాత, మోకాలి లోతు నీళ్లలో నిలబడి. చివరికి ఒప్పుకున్నాడు.

సభ పల్లపు ఒడ్డున కూడింది. గూడబాతు నిండు సంచితో వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా పందికొక్కులు. కొంగ తాత గొంతు సవరించుకున్నాడు. "ఏమయ్యా గూడబాతూ..."

నీటికోడి ఒక్క గెంతులో మధ్యకు వచ్చింది. "అడగండి తాతా. మీ హక్కు నేనెందుకు కాదంటాను? కానీ చెప్పమనకండి. చూపించమనండి."

సభ గుసగుసలాడింది. ఇలాంటి కోరిక ఎప్పుడూ వినలేదు. కూడదనే నిబంధనా ఎక్కడా లేదు.

"సరే, చూపించవయ్యా," అన్నాడు కొంగ తాత.

గూడబాతు మర్యాదస్తుడు కదా! ముక్కు బార్లా తెరిచి, తల వంచాడు. చేపలన్నీ జలజలా పందికొక్కుల ముందు పడ్డాయి.

ఇక చూడాలి, మట్టి ఎలా లేచిందో! తెల్లారేసరికి కట్ట నిలబడింది. వాన దంచికొట్టింది. నీళ్లు కట్ట దాకా వచ్చి, దారి లేక ఆగిపోయాయి. కొన్నాళ్లకు నల్లటి పిల్లలు గుడ్లు చీల్చుకుని వచ్చి, ఆ కట్ట మీదే తల్లి వెనక నడిచాయి.

అన్న మాట ప్రకారం లాటరీ కూడా తీశారు. కొంగ తాత కళ్లు మూసుకుని గుల్ల తీశాడు. నీటికోడి కళ్లు తెరుచుకుని పక్కనే నిలబడింది. వచ్చిన గుర్తు గూడబాతుది!

నీటికోడి నవ్వి, కొర్రమీనును అతని సంచిలో వేయించింది. "మామయ్యా, ఇప్పుడు రెండు మాటలు చెప్పు."

గుటుక్.

"చాలా సంతోషమండి," అన్నాడు గూడబాతు. ఈసారి ఎవరికీ నష్టం లేదు. మింగింది తన సొమ్మే కదా.

పదిమంది సొమ్ము దాచేవాడు లెక్క చెబితే చాలదు, తెరిచి చూపించాలి.