తల తిప్పరాని రాయి

జపాను దేశపు కొండల నడుమ, హిరునో కనుమ మీద, చేటంత వెడల్పున్న నల్లరాయి ఒకటి ఉంది. దాని మీద తలుపు తీసి ఉన్న వెదురు పంజరం తప్ప విగ్రహమేదీ లేదు. శరదృతువు దేవత ఇక్కడ కొలువై ఉందని నమ్మిక. వాడిపోయేదాన్ని చూసి కలిగే దిగులును అందంగా ఎంచే ఆ దేశంలో సైతం, ఈ కనుమను జనం కాస్త బెరుకుగానే ఎక్కుతారు.

పూర్వం ఈ కనుమ కింది ఊళ్లో తొకుజో అనే పంజరాలల్లే పనివాడు ఉండేవాడు. చిరుగంటలా మోగే కీచురాళ్లను పట్టి, పంజరాల్లో పెట్టి అమ్మేవాడు. శరత్తు చివర ఆ పాట సన్నగిల్లి ఆగిపోవడం వినడానికే జనం వాటిని కొనేవారు. వింత సరదాయే మరి! ఒక ఏడు ఇంట్లోని కీచురాయి మూగబోయిన సాయంత్రమే అతని భార్య జ్వరంతో కన్నుమూసింది. మరుసటి ఏడు కూతురు నుయికి అదే జ్వరం పట్టుకుంది. ఈసారి పాట ఆగితే పిల్ల కూడా దక్కదన్న భయం తొకుజో గుండెల్లో గూడు కట్టుకుంది.

అందుకని అతను పంజరాన్ని పొయ్యి పక్కన వెచ్చగా ఉంచి, చేపపొడి మేపుతూ, పురుగును చావనివ్వలేదు. మంచు పడినా అది పాడింది. రెక్కలు చిరిగినా పాడుతూనే ఉంది. మొదట ముచ్చటపడిన ఇరుగుపొరుగు క్రమంగా ఆ వీధిన నడవడం మానుకున్నారు. నుయి జ్వరం తగ్గలేదు, పెరగలేదు.

ఒక తెల్లవారుజామున, ఎండుటాకు రంగు వస్త్రం కట్టిన స్త్రీ అతని కలలో గుమ్మం ముందు నిలిచింది.

"నా ఋతువును పట్టి ఉంచావు. తిరిగి ఇచ్చెయ్యి" అన్నది.

అయినా తొకుజో పంజరం వదలలేదు. మూడుసార్లు అదే కల వచ్చింది. చివరికి నుయే అడిగింది.

"దాన్ని వెళ్లనియ్యి నాన్నా. నాకిప్పుడు పాట వినపడటం లేదు, మోతే వినపడుతోంది."

పిల్లను వీపున కట్టుకుని, పంజరం పట్టుకుని, అతను ఆ దేవత కొలువున్న కనుమ ఎక్కాడు. రాయి మీద పంజరం పెట్టి, తలుపు తీశాడు. కీచురాయి మంచులోకి పాకి, ఆగి ఆగి మూడుసార్లు పాడి, ఊరుకుంది. కొండంతా నిశ్శబ్దమైపోయింది. వీపు మీది బరువు కదలలేదు. ఊపిరి ఉందో లేదో తల తిప్పి చూసే ధైర్యం ఆ తండ్రికి లేకపోయింది.

ఎంతసేపటికో అతని మెడ మీద వెచ్చని కన్నీటి చుక్క పడింది.

"ఎంత బాగా పాడింది నాన్నా" అన్నది నుయి.

ఆ తరువాత ఆమె ఎన్నేళ్లు బతికిందో అర్చకులు చెప్పరు. అడగడం ఇక్కడి ఆచారం కాదు. తొలి మంచు కురిసిన ఉదయాన భక్తులు నేటికీ తమవారిని వీపున మోసుకొచ్చి ఈ రాయి ముందు నిలుస్తారు. ఆయుష్షు కోరేవారికి ఈ దేవి ఏ వరమూ ఇవ్వదు. గుండెలో భయం మోస్తూ వచ్చినవారు మాత్రం కంటతడితో, తేలికపడి కొండ దిగుతారు. వీపు మీదివారు నోరు విప్పి పలికేదాకా, మోసేవారు తల తిప్పరాదు.