రెండు ముక్కల రంపం

"మూసే ఉందహో! పక్షి నోరు మూసే ఉందహో!"

వీధి మొదట్లో ఆ కేక వినపడేసరికి దుంగ మీద నిలబడ్డ పైకోతవాడు రంపం లాగడం ఆపేశాడు. కింద గుంటలో ఉన్న కిందికోతవాడికి సంగతి తెలియక తన వంతు తాను లాగబోయాడు. రంపం కదల్లేదు.

"ఏం బావా, చెయ్యి పట్టేసిందా?"

"ఉండు. దండోరా వాడు ఏదో అంటున్నాడు."

దండోరా వాడు తప్పెట కొట్టుకుంటూ వచ్చి దుంగ దగ్గరే ఆగాడు. రాజధాని కబుర్లు ఊరూరా మోసుకు తిరగడం అతని పని. ఆ ఊళ్ళో రాజధానిని చూసినవాడు ఒక్కడూ లేడు కాబట్టి అతను వచ్చాడంటే రాజధానే నడిచొచ్చినట్టు.

"వినండహో! కోట పెద్ద గుమ్మం మీద రాతి పక్షి ఉంది. దాని నోరు మూసి ఉంది. తెరిచి ఉందని కొందరు ద్రోహులు పుకార్లు పుట్టిస్తున్నారు. మీరు ఎటువైపో మీరే తేల్చుకోండహో!"

పైకోతవాడికి ఇలాంటివంటే ప్రాణం. అన్నం లేకుండా ఒక పూట ఉండగలడు గానీ అభిప్రాయం లేకుండా ఉండలేడు.

"మూసే ఉంటుంది," అన్నాడు వెంటనే. "రాజుగారు వచ్చేపోయే గుమ్మం. దాని మీద నోరు తెరుచుకుని కూర్చుంటే ఎంత అప్రదిష్ట!"

గుంటలోంచి నవ్వు వినపడింది. "పక్షన్నాక అరవాలి గదా బావా. నోరు మూసుకుని కూర్చునేదైతే పక్షెందుకు, ముంత పెట్టుకోవచ్చుగా గుమ్మం మీద."

ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. మళ్ళీ రంపం పట్టుకున్నారు. మొదలైంది అలా, నవ్వుతోనే.

వాళ్ళిద్దరూ వియ్యంకులు. పైకోతవాడి కూతుర్ని కిందికోతవాడి కొడుక్కి ఇచ్చారు. ఆ కొడుకు అడవిలో చెట్లు కొట్టే పని మీద ఉన్నాడు. ఇప్పుడు వీళ్ళు కోస్తున్న మద్ది దుంగ అతను కొట్టి పంపిందే. పిల్ల పురిటికి పుట్టింటికొచ్చి ఉంది. పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే వీధి కాబట్టి పొద్దున ఇక్కడ, సాయంత్రం అక్కడ.

ఊరి పాత పడవ అడుగు చివికిపోయింది. కొత్త పడవకి పలకలు కావాలి. ఏరు నిండే లోపల పడవ నీళ్ళల్లో ఉండాలి, ఎందుకంటే మంత్రసాని ఉండేది అవతలి గట్టున. నీళ్ళు మోకాలి లోతున్నప్పుడు ఆవిడ నడిచొచ్చి పిల్లని చూసి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ పైకోతవాడితో అంది: "బిడ్డ అడ్డంగా ఉంది నాయనా. నొప్పులు మొదలవగానే నాకు కబురు పెట్టు. నేను వచ్చేదాకా ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు. అప్పటికి పడవ ఉంటుందిగా?"

"ఉండకేం," అన్నాడు పైకోతవాడు. ఆ మాట మనసులో పెట్టుకునే రోజూ దుంగ ఎక్కుతున్నాడు.

దుంగ కోత చూసినవాళ్ళకి తెలుసు, అది ఒక్కడి పని కాదు. పైవాడు లాగేటప్పుడు కిందివాడు వదలాలి, కిందివాడు లాగేటప్పుడు పైవాడు వదలాలి. వదలడం కూడా పనే, ఆ మాటకొస్తే లాగడం కంటే కష్టం. మసి పూసిన దారంతో దుంగ మీద కొట్టిన గీత పైవాడికే కనపడుతుంది. కిందివాడికి కనపడేది రాలే పొట్టు. అందుకే కిందివాడు మధ్యమధ్యలో అడుగుతుంటాడు, "గీత మీదే పోతున్నామా బావా?" అని. "పోతున్నాం, లాగు," అంటాడు పైవాడు. ఆ ఒక్క మాట మీద ఎన్ని దుంగలు కోశారో వాళ్ళిద్దరూ.

దండోరా వాడు మళ్ళీ వచ్చాడు. పక్షి నోరు తెరిచి ఉందన్నవాళ్ళని రాజధానిలో తన్నారని చెప్పాడు. ఇంకోసారి వచ్చినప్పుడు, మూసి ఉందన్నవాళ్ళ ఇళ్ళ మీద రాళ్ళు పడ్డాయన్నాడు. ఈ వైపు వాళ్ళింట్లో పప్పన్నం తిని, ఆ వైపు వాళ్ళింట్లో మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. అతనికి ఎవరి మీదా కోపం లేదు.

ఊళ్ళో మాత్రం మూతవాళ్ళు, తెరుపువాళ్ళు అని రెండు జట్లు తేలాయి. షావుకారు మూతవాడు, తెరుపువాళ్ళకి ఉప్పు కొలవడం మానేశాడు. మంగలి తెరుపువాడు. ఒకాయనకి గడ్డం గీస్తూ గీస్తూ కబుర్లలో ఆయన మూతవాడని తెలుసుకుని, సగంలో కత్తి మడిచేశాడు. ఆ పెద్దమనిషి సగం గడ్డంతోనే ఊరంతా తిరిగాడు, అదో బిరుదులాగా చూపించుకుంటూ.

దుంగ చుట్టూ కూడా జనం చేరేవాళ్ళు. కొందరు పైకోతవాణ్ణి మెచ్చుకునేవాళ్ళు, కొందరు కిందికోతవాణ్ణి ఎగదోసేవాళ్ళు. చూసేవాళ్ళున్నారని తెలిశాక పైకోతవాడి గొంతు పెరిగింది. ఏమాటకామాట చెప్పుకోవాలి, అతనికి అది హాయిగా కూడా ఉండేది. ఇన్నేళ్ళు దుంగలు కోస్తే చూడ్డానికి ఎవరొచ్చారు గనక.

ఒకరోజు కిందికోతవాడు అలవాటుగా అడిగాడు, "గీత మీదే పోతున్నామా?"

"పోతున్నాం, లాగు."

కిందివాడు లాగలేదు. గుంటలోంచి తల పైకెత్తాడు. కనురెప్పల మీద పొట్టు.

"నీ మాట నేనెందుకు నమ్మాలి? చూడని పక్షి నోరు మూసి ఉందని ఒట్టేసేవాడివి. కళ్ళెదుట గీత వంకరపోయినా తిన్నగా ఉందనే అంటావు."

జనంలో తెరుపువాళ్ళు కేకలేశారు. పైకోతవాడికి మొహం మండింది.

"పొట్టు నీ కళ్ళల్లోనే కాదు బావా, బుర్రలోకి కూడా పోయింది. దేశమంతా ఒక మాట మీద ఉంటే నీకొక్కడికే తెరిచి కనపడిందా?"

"దేశమంటే ఎవరు? నువ్వూ ఆ ఉప్పు షావుకారూనా?"

"ఇష్టం లేకపోతే ఎక్కడికన్నా పో!"

"గుంటలో ఉన్నాను. ఇంకా ఎక్కడికి పొమ్మంటావు?"

ఇద్దరూ ఒక్కసారే లాగారు. రంపం కీచుమని దుంగలో ఇరుక్కుపోయింది.

అప్పుడే పిల్ల అంబలి ముంత పట్టుకుని వచ్చింది. నడుం మీద చెయ్యేసుకుని, కాస్త ఆయాసపడుతూ రంపం వైపు చూసింది.

"ఇద్దరూ లాగుతుంటే అది ఎటు పోతుంది మావయ్యా? దానికి మాత్రం తెలిసేడవద్దూ?"

పిల్ల అంబలి గిన్నెల్లోకి వంచుతూ, తనకి తనే చెప్పుకుంటున్నట్టు అంది: "పుట్టేవాడు నోరు తెరిచి ఏడిస్తే నాన్న ఒప్పుకోడు. నోరు మూసుకుని ఉంటే మావయ్య ఒప్పుకోడు. ఈ గొడవ విని వాడు అసలు బయటికే రాడేమో."

కిందికోతవాడు గిన్నె అందుకుని తల దించుకున్నాడు. పైకోతవాడికి ఆ క్షణాన పిడి వదిలేయాలనిపించింది. ఒక్క మాట, సరేలే బావా అంటే చాలు. కానీ చుట్టూ తన జట్టు నిలబడి ఉంది. వాళ్ళ కళ్ళన్నీ తన చేతుల మీదే ఉన్నాయి. ఇప్పుడు వదిలితే రంపం ఒక్కటే వదిలినట్టు కాదనుకున్నాడు. వదల్లేదు.

తగువు ఊరిపెద్ద దగ్గరికి పోయింది. ఆయన పక్షి సంగతి తేల్చలేదు గానీ రంపం సంగతి తేల్చేశాడు.

"రంపం ఉమ్మడి సొత్తు. చెరిసగం. దుంగకి రెండు కొసలున్నాయి గదా, ఒక కొస నువ్వు కొయ్యి, ఒక కొస నువ్వు కొయ్యి. మధ్యలో కలుసుకోండి."

కమ్మరి రంపాన్ని ఎర్రగా కాల్చి రెండు ముక్కలు చేశాడు. రెండు జట్లూ ఈలలు వేశాయి. న్యాయం జరిగిందన్నారు. అందరి ముందూ పైకోతవాడు తన ముక్కని ఎత్తి చూపించాడు. అది రెండోదాని కంటే బెత్తెడు పెద్దదని కనిపెట్టి లోలోపల సంతోషించాడు కూడా.

అప్పట్నుంచి ఎవడి కొస వాడిది. ఎవడి గీత వాడిది. గుంట అక్కర్లేదు, కిందా మీదా అనే గొడవ లేదు. ఒంటి చేత్తో లాగుతుంటే పైకోతవాడి భుజం సలిపేది. అవతలి కొస నుంచి కిందికోతవాడి రంపం చప్పుడు వినపడేది. అది ఆగితే ఇతనికి ఉత్సాహం వచ్చేది.

మబ్బులు పట్టేనాటికి ఇద్దరి కోతలూ దుంగ మధ్యకి వచ్చాయి. కలవలేదు. ఒక కోతకీ రెండో కోతకీ జానెడు తేడా. కలపాలని చూసిన చోటల్లా దుంగ అడ్డంగా విరిగింది. పొడుగు పలకలు రావలసిన మద్ది అంతా పొట్టి పొట్టి ముక్కలై పడింది.

పడవ కట్టేవాడు వచ్చి ఒక ముక్క తిరగేసి చూశాడు.

"ఇవి పడవకి రావు," అన్నాడు.

"ఆయన కొస వల్లే," అన్నాడు పైకోతవాడు.

"ఆయన కొస వల్లే," అన్నాడు కిందికోతవాడు.

కొత్త దుంగకి అడవికి కబురు పంపుదామని ఒకరన్నారు. ఎవరి జట్టు మనిషి పోవాలన్న దగ్గర ఆగింది. వాన మొదలైంది.

పిల్లకి ఒక పొద్దున నొప్పులు వచ్చాయి. పైకోతవాడు ఏటి గట్టుకి పరుగెత్తాడు. ఏరు రెండు గట్లూ ఒరుసుకుని, ఎర్రగా, చెట్ల కొమ్మల్ని దొర్లించుకుంటూ పోతోంది. అవతల మంత్రసాని అప్పటికే వచ్చి నిలబడి ఉంది. ఎవరూ చెప్పకుండా, రోజులు తనే లెక్కవేసుకుని వచ్చినట్టుంది. చంకలో మూట, నెత్తిన గోనె.

ఆవిడ చేతులూపి ఏదో చెబుతోంది. బిడ్డని ఎలా తిప్పాలో చెబుతోంది కాబోలు. చేతులతో గాలిలో గుండ్రంగా చుడుతోంది, నొక్కుతోంది, లాగుతోంది. ఏటి హోరులో ఒక్క మాట వినపడలేదు.

"ఏంటమ్మా? గట్టిగా చెప్పమ్మా!" పైకోతవాడు అరిచాడు. అరిచాడు, అరుస్తూనే ఉన్నాడు.

పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. కిందికోతవాడు. అతను అరవలేదు. పళ్ళు బిగబట్టి నీళ్ళ వంక చూస్తున్నాడు. ఒకడి నోరు తెరుచుకుని ఉంది, ఒకడిది మూసుకుని ఉంది. అవతలి గట్టు నుంచి చూసేవాళ్ళకి వానలో ఇద్దరు మనుషులున్నారని మాత్రమే తెలుస్తుంది.

మంత్రసాని చాలాసేపు అలా చేతులూపి, చివరికి మూట మీద కూలబడింది. ఊళ్ళోంచి ఒకామె గట్టు మీదికి వచ్చి, వియ్యంకులిద్దర్నీ చూసి, పమిట నోట్లో కుక్కుకుంది. దాంతో వాళ్ళకి తెలిసింది.

బిడ్డని దక్కించారు. తల్లిని దక్కించలేకపోయారు.

పెద్ద దినానికి ఊరంతా కదిలొచ్చింది. మూతవాళ్ళూ వచ్చారు, తెరుపువాళ్ళూ వచ్చారు. ఆ పిల్ల చేత్తో అంబలి తాగనివాడు ఊళ్ళో లేడు. వీధి పొడుగునా పందిరి వేశారు. షావుకారు ఉప్పు మూట తనే మోసుకొచ్చి గాడిపొయ్యి పక్కన దించాడు. మంగలి వంటకి కట్టెలు పేర్చాడు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు.

భోజనాలకి కూర్చుందామంటే నేలంతా బురద. అందర్నీ కూర్చోబెట్టడానికి ఏ ఇంట్లోనూ అన్ని పీటలు లేవు. అప్పుడు ఎవరో ఆడమనిషి దుంగ దగ్గర పడి ఉన్న చెక్కముక్కలు తెచ్చి పరిచింది. ఇంకొకరు తెచ్చారు. చూస్తుండగానే వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా పీటల వరస తయారైంది. మద్ది కర్ర, నున్నగా, వెడల్పుగా. మనిషికొకటి. ఏది ఎవరి కొసలోదో చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

వియ్యంకులిద్దరికీ పక్కపక్కన పీటలు పడ్డాయి. ఎవరూ కావాలని వెయ్యలేదు, అలా పడ్డాయి. అడవి నుంచి వచ్చిన కొడుకు వాళ్ళకెదురుగా, బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కూర్చోబోయే ముందు పీటని చేత్తో తడిమి చూశాడు.

"ఇది నేను కొట్టి పంపిన మద్ది కదా నాన్నా?"

కిందికోతవాడు విస్తరి సరిచేసుకున్నాడు. పైకోతవాడు విస్తరి మీద నీళ్ళు చల్లాడు. చల్లిన విస్తరి మీదే మళ్ళీ చల్లాడు.

అన్నం వడ్డిస్తుండగా వీధి మొదట్లో తప్పెట వినపడింది. దండోరా వాడు పందిట్లోకి వచ్చి, విస్తళ్ళు చూసి ఆగాడు. పైకోతవాడు తలెత్తాడు.

"ఏమయ్యా, ఆ పక్షి సంగతి తేలిందా?"

"ఏ పక్షి?" దండోరా వాడు కాసేపు ఆలోచించాడు. "ఓ, అదా! ఆ గుమ్మం ఎప్పుడో కూలగొట్టేశారు గదా. ఇప్పుడు కొత్త గుమ్మం కడుతున్నారు. దాని మీద రాతి చేప. దాని తోక ఎటుందంటే..."

వరస పొడుగునా విస్తళ్ళ మీద చేతులు ఆగిపోయాయి.

"కూర్చో," అన్నాడు కిందికోతవాడు. చివరిగా మిగిలిన చెక్కముక్క తీసి అతని కాళ్ళ దగ్గర పడేశాడు. "ముందు తిను."

దండోరా వాడు తప్పెట పక్కన పెట్టి కూర్చున్నాడు. పప్పు వచ్చింది. ఒళ్ళో బిడ్డ లేచి ఏడ్చి, మళ్ళీ ఊరుకుంది. అందరూ తినడం మొదలుపెట్టారు. వరసలో నోళ్ళన్నీ తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, మళ్ళీ తెరుచుకున్నాయి. చేప తోక సంగతి అడగాలని ఒకరిద్దరికి నాలుక చివరిదాకా వచ్చింది గానీ, నోట్లో ముద్ద ఉంది.