చెంగల్వ చేతికొచ్చిన తెడ్డు

"ఏమర్రోయ్! ఇవాళ్టి నుంచి బెల్లం తెడ్డు మా అమ్మాయిదేనర్రోయ్!"

వీధి చివరి నుంచి ఆ కేక వినబడగానే జూలయ్య నోట్లో చెరుకుముక్క నోట్లోనే ఉండిపోయింది.

అనగనగా ఒక అడవిలో ఎలుగుబంట్ల వీధి అది, పిల్లలూ. కేక పెట్టింది జూలయ్య వాళ్లన్న గుబురయ్య. అడవి మొత్తానికి బెల్లం వండేది ఆయనే. వాళ్లింట్లో ఒక కట్టుబాటు ఉంది. తెడ్డు ఎవరి చేతిలో ఉంటే బెల్లం బట్టీకి వాళ్లే పెద్ద. అన్న తర్వాత తెడ్డు తనదేనని జూలయ్య ఎన్నేళ్లుగానో కాచుక్కూర్చున్నాడు. అదిప్పుడు అన్న కూతురు చెంగల్వకి పోయింది!

ఇంకేముంది, బట్టీ కన్నా ముందు జూలయ్య కడుపు మండింది.

మొదట కుందేలుని ఆపి, "ఆ పిల్ల బెల్లం తింటే పళ్లూడతాయి" అన్నాడు.

"నా పళ్ల సంగతి నీకెందుకు బాబాయ్?" అని కుందేలు రెండు దిమ్మలు కొనుక్కుపోయింది.

తర్వాత బట్టీ పొయ్యిలో తడి చెరుకుపిప్పి కుక్కాడు. చెంగల్వ దగ్గుతూనే అదంతా బయటికి లాగి, ఎండుపిప్పి ఎగదోసింది. మంట భగ్గుమంది. "చూశావురా తమ్ముడూ, మా పిల్లని!" అని గుబురయ్య మురిసిపోయాడు. జూలయ్యకి ఆ మురిపెం పుండు మీద కారం రాసినట్టయింది.

ఇంతలో అడవి విందు రోజు వచ్చింది. పరమాన్నంలోకి బెల్లం కావాలి. జంతువులన్నీ విస్తళ్లు పట్టుకొచ్చి ఎదురుచూస్తున్నాయి. పెనంలో పాకం కుతకుతలాడుతోంది.

"బాబాయ్, పాకం చూడ్డంలో నీ అంత వాళ్లు లేరు. దించమంటావా?" అంది చెంగల్వ.

జూలయ్య చల్లనీళ్లలో చుక్క వేశాడు. చక్కగా ఉండకట్టింది. అంటే దించాల్సిందే! కానీ ఆయనేం చేశాడనుకున్నారు? ఎవరూ చూడకుండా ఆ ఉండ నోట్లో వేసుకుని, "ఇంకా రాలేదమ్మా" అన్నాడు.

చెంగల్వ నమ్మింది. పాకం మాడి బొగ్గయింది.

అందరూ గొల్లుమన్నారు. చెంగల్వ బాబాయి వైపు ఒక్కసారి చూసింది. "తెడ్డు నా చేతిలో ఉంది. తప్పు నాదే" అంది, అంతే.

గుబురయ్య తల దించుకుని తెడ్డు తీసుకున్నాడు. "తమ్ముడూ, ఇక నువ్వే పట్టరా" అని చేతికిచ్చాడు.

చూడండర్రా! కలలుగన్న తెడ్డు చేతికొచ్చింది. కానీ బుగ్గలో ఆ ఉండ ఇంకా కరగలేదు. తియ్యటి ఉండే, గొంతు దిగలేదు. జూలయ్య దాన్ని అరచేతిలోకి ఉమ్మి చూపించాడు.

"అన్నా, పాకం అప్పుడే వచ్చింది. కుళ్లుతో అబద్ధమాడాను. తెడ్డు దానికే ఇయ్యి."

చెంగల్వ తెడ్డు అందుకుంది. "ఏడుపు తర్వాత బాబాయ్! ముందు పెనం తోము. ఇంకో వాయి పోద్దాం. ఈసారి మాత్రం ఉండ నోట్లో దాచకు!"

రెండో వాయికి పాకం పసుపుపచ్చగా కుదిరింది. పొద్దువాలే వేళకి అందరూ బంతిలో కూర్చున్నారు. చెంగల్వ తన పక్కనే బాబాయికి విస్తరి వేసింది. జూలయ్య ఒక ముద్ద తిని, "కాస్త తీపి ఎక్కువైంది" అని గొణిగి, మారు వడ్డించమని విస్తరి ముందుకు జరిపాడు. బంతంతా గొల్లున నవ్వింది.

నీతి: పిల్లలూ, పక్కవాళ్లకి దక్కిన పెద్దరికం చూసి కుళ్లుకుంటే మాడేది మనందరి కూడే. తగినవాళ్లని, ఆడపిల్లయినా సరే, ముందుండనిచ్చి తోడు నిలిస్తే, మన విస్తరీ నిండుతుంది.