గూడబాతు రొమ్ము మీద మచ్చ

ఒకప్పుడు గూడబాతు రొమ్ము కడిగిన ముల్లంగిలా తెల్లగా ఉండేది. ముక్కు కింద సంచి వేలాడేసుకుని, ఆ పొడుగాటి ముక్కును ముందుకు చాచి, ఎవరినీ ఖాతరు చెయ్యనట్టు తిరిగేది. తల వంచడం దానికి అలవాటే లేదు.

ఆ రోజుల్లో ఒక గూడబాతు కొల్లేటి నుంచి బయల్దేరి, కొండలూ ఎడారులూ దాటి, ఎక్కడో చలిదేశంలో ఒక సరస్సు చేరింది. రెల్లు పొదల మధ్య గూడు కట్టుకుంది. మూడు పిల్లలు పుట్టాయి.

అది పుట్టినూరు కాదు. ఏ చేప మెత్తనిదో, ఏ చేప ముళ్ళదో చెప్పే పెద్దవాళ్ళు అక్కడ లేరు. మొదటి రోజే వీపు మీద దువ్వెన పళ్ళలాంటి ముళ్ళున్న చేప దొరికింది.

"ఇది పిల్లల గొంతులో అడ్డం పడితే?" అనుకుంది గూడబాతు. ఆ మాట ఒకసారి మనసులోకి వచ్చాక ఇక పోలేదు.

అందుకని తల వంచి, చేప ఉన్న సంచిని రొమ్ముకేసి నొక్కింది. ముళ్ళు విరిగేదాకా నొక్కింది. విరిగాయో లేదోనని మళ్ళీ నొక్కింది. అప్పుడు నోరు తెరిచింది. పిల్లలు తలలు దాని గొంతులోకి దూర్చి తిన్నాయి. గూడబాతుల ఇంట భోజనం అంతే, కంచాలుండవు.

రోజూ ఇదే వరస.

"అమ్మా, పక్కింటి నీటికాకి పిల్లలు ముళ్ళతో సహా మింగేస్తున్నారు. వాళ్ళకేం కాలేదు" అంది పెద్దపిల్ల.

"వాళ్ళది ఈ ఊరే. మనది కాదు."

"ఆకలేస్తోందమ్మా."

"ఇంకొక్కసారి నొక్కుతానుండు."

ఒక రోజు చిన్నపిల్ల వీపు మీద ఎర్రటి చుక్క కనిపించింది. పక్క పొదలోంచి నీటికాకి మెడ చాచి చూసింది.

"వదినా, ఏమీ అనుకోకు. నీ ముక్కు కొన కొక్కెంలా ఉంటుంది. పిల్లకి గీరుకుందేమో చూసుకో."

గూడబాతు ఉన్నపళాన పిల్ల ఒంటి మీది నూగునంతా పాయలు తీసి వెతికింది. గాయం లేదు. లేదని తేలాక భయం తగ్గాలి కదా, ఇంకా పెరిగింది. "నాకు కనపడని చోట తగిలిందేమో. రేపు ఇంకా లోతుగా తగులుతుందేమో."

మర్నాడు రెండు చుక్కలు. ఆ తరవాత తన ముక్కు తనకే కత్తిలా అనిపించసాగింది. వణుకుతూ నోరు తెరిచేది, వణుకుతూ మూసేది. అయినా ముళ్ళ చేపని నొక్కకుండా పెట్టడానికి మాత్రం మనసొప్పలేదు.

సరస్సు పక్కనే ఒక రాతి కోట ఉంది. ఆ దేశంలో యుద్ధానికి వెళ్ళే దొరలు ఇనప టోపీల్లో మొహాలు దాచుకునేవారు. ఎవరు ఎవరో తెలియాలంటే డాలు మీది బొమ్మ చూడాల్సిందే. ఈ కోట దొరకి మాత్రం ఇంకా బొమ్మ లేదు. సింహాన్ని ఉత్తరపు కోటవాళ్ళు తీసుకున్నారు. డేగని నది అవతలివాళ్ళు తీసుకున్నారు. అడవిపందికి కూడా యజమాని ఉన్నాడు.

"ఎవరూ తీసుకోనిదాన్ని వెతుకు" అని దొర తన చిత్రకారుడు మార్తీనుని పంపాడు.

మార్తీను సరస్సు ఒడ్డున కూర్చున్నాడు. డాలు మీద బొమ్మలన్నీ పక్కవాటుగానే గీస్తారు కాబట్టి అతను దేన్నైనా పక్కనుంచే చూసేవాడు. గూడబాతునీ అలాగే చూశాడు. పిల్ల తల ముక్కులోకి వెళ్ళిపోవడం కనపడింది. గూటి అంచున ఎర్రటి చుక్కలు కనపడ్డాయి. కుంచెల సంచి అక్కడే వదిలేసి కోటకి పరుగెత్తాడు.

"దొరగారూ, మన సరస్సులో సొంత పిల్లల్ని తినే పక్షి ఉంది."

"మన నీళ్ళలో అలాంటిది వద్దు. రేపు పొద్దున్న వెళ్ళి ఆ గూడు తీసెయ్యి" అన్నాడు దొర.

ఆ కబురు నీటికాకి మోసుకొచ్చింది.

"గెడలు పట్టుకుని వస్తున్నారు, వదినా. ఎగిరిపో."

"పిల్లలకింకా రెక్కలు రాలేదు."

"నువ్వైనా..."

"పొద్దున వాళ్ళకి తిండి పెట్టాలి" అంది గూడబాతు.

తెల్లవారాక, అది పిల్లలకి తిండి పెడుతుండగా పడవ వచ్చింది. ముందు గెడ పట్టుకుని మార్తీను, వెనక ఇద్దరు భటులు. గూడబాతు రెక్కలు విప్పి గూడంతా కప్పేసింది.

"అయ్యా, మీరు అన్నది అబద్ధమని నేను గట్టిగా చెప్పలేను" అంది. "తెలియకుండా నేనే వాళ్ళని గాయపరుస్తున్నానేమో. మీరు బొమ్మలు గీసేవారు, మీ కళ్ళు బాగా చూస్తాయి. చూసి చెప్పండి. గాయం ఉంటే నేనే వెళ్ళిపోతాను. పిల్లల్ని మాత్రం ఎవరైనా పెంచండి."

మార్తీను గెడ పక్కన పెట్టాడు. మొదటి పిల్లని ఎత్తి చూశాడు. రెండోదాన్ని చూశాడు. మూడోది అప్పటికే మళ్ళీ తల్లి గొంతులో తల దూర్చింది. మెల్లిగా బయటికి లాగాడు. దాని నోట్లో చేప తోక వేలాడుతోంది.

"తింటున్నాను" అంది అది చిరాగ్గా.

మార్తీను ఆ పిల్లని గూట్లో దింపి తల్లి ముక్కు పైకెత్తాడు. రొమ్ములో మూడు చేపముళ్ళు దిగబడి ఉన్నాయి. వాటి మొదట్లోంచి నెత్తురు చుక్కలుగా కారుతోంది.

"తల్లీ, ఈ నెత్తురు నీది."

"నాదా?"

"నీదే. సంచిలోంచి ముళ్ళు గుచ్చుకున్నాయి. అంత ముక్కు అడ్డం ఉంటే నీ రొమ్ము నీకెలా కనపడుతుంది?"

"పిల్లలది కాదూ?"

"వాళ్ళది ఒక్క చుక్క కూడా కాదు."

"హమ్మయ్య" అని గూడబాతు కూలబడింది. గూడు కిర్రుమంది. ఎన్నాళ్ళుగానో బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి వదిలితే ముక్కు కింద సంచి రెపరెపలాడింది.

"నొప్పి లేదా?" అని అడిగాడు మార్తీను, ముళ్ళు తీస్తూ.

"ఇప్పుడు లేదు."

అతను ఆఖరి ముల్లు తీసి పక్కన పెట్టాడు. తరవాత అన్నాడు: "మా గుడి గోడ మీద సిలువ మోసిన ప్రభువు బొమ్మ గీశాను. ఆయన పక్కటెముకల దగ్గర్నుంచి కూడా ఇలాగే నెత్తురు కారుతుంది. ఎవరి కోసమని ఫాదరుగారిని అడిగితే, పిల్లల కోసమని చెప్పారు. నాకప్పుడు అర్థం కాలేదు."

ఆ సాయంత్రమే బొమ్మ గీసి దొరకి చూపించాడు.

"ఇది దేన్ని చంపుతుంది?" అన్నాడు దొర.

"దేన్నీ చంపదు దొరగారూ, పెంచుతుంది. నిన్న నేను చెప్పింది తప్పు." జరిగిందంతా చెప్పాడు.

దొర బొమ్మని చేతిలోకి తీసుకున్నాడు. "దీన్ని ఎవరూ తీసుకోలేదు కదా?"

"లేదండి."

"అయితే మనదే. గూటి జోలికి ఎవరూ వెళ్ళొద్దని చెప్పు."

మార్తీను రంగులేసిన డాలు తీసుకెళ్ళి గూడబాతుకీ చూపించాడు. అది తల అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ డేగ ఎవరండీ? నా సంచి ఏది?"

"సంచి గీస్తే దూరం నుంచి బస్తాలా కనపడుతుంది, తల్లీ."

"పోనీలెండి. పిల్లలు మాత్రం బొద్దుగా ఉన్నారు."

అప్పటినుంచే డాళ్ళ మీదా గుడి గోడల మీదా గూడబాతు రొమ్ముకి ముక్కు ఆనించి, పిల్లల మీదికి వంగి నిలబడి ఉంటుంది. అప్పటినుంచే పిల్లల్ని పెంచే రోజులొస్తే దాని రొమ్ము మీద రంగు మచ్చ తేలుతుంది. అప్పటినుంచే అది తల వంచి, సంచిని రొమ్ముకేసి నొక్కుకుంటుంది, ముళ్ళు లేని చేప దొరికిన రోజున కూడా.