సూపర్నెంటుగారి వేపబంక

గంగరాజుకోట జమీందారు తమ్మన్నరాజుగారికి ఇద్దరంటే ప్రాణం. ఒకరు రాణీగారు, ఇంకొకరు నల్లటి మోటారుకారు. రాణీగారికి జ్వరమొస్తే వైద్యుణ్ణి పిలిపించేవారు. కారుకి మచ్చ పడితే దర్బారు పెట్టించేవారు.

ఆ రోజు దర్బారు కారు చుట్టూనే జరిగింది. బానెట్టు మీద ఎక్కడ చూసినా గోధుమరంగు చుక్కలు, ఎండి రాయిలా బిగుసుకుపోయి ఉన్నాయి. గోరు పెడితే గోరే విరిగింది.

"గీత పడకుండా ఈ మచ్చలు పోగొట్టినవాళ్ళకి నా చేతి కంకణం ఇస్తా. సాయంత్రంలోగా పోకపోతే డ్రైవరు దస్తగిరి మూట కట్టుకోవాలి," అన్నారు రాజుగారు.

దస్తగిరి ముగ్గురు పిల్లల తండ్రి. పాపం, కాళ్ళావేళ్ళా పడ్డాడు. "షెడ్డులోనే పెట్టాను మహాప్రభో! చెట్టు కింద పెట్టలేదు. నా పిల్లల మీద ఒట్టు!"

"అబద్ధం! ఇది షెడ్డు పక్కనున్న వేపచెట్టు బంక," అన్నాడు మోటారు సూపర్నెంటు వల్లభరావు.

ఈయన గురించి చెప్పాలి. ఉన్నది ఒక్క కారు, దానికో సూపర్నెంటు. పొద్దున్నే మీసాలకు మైనం పట్టించడం, షెడ్డు తాళంచెవి మొలకి దోపుకుని తిరగడం, ఎవరూ అడక్కపోయినా తన పెరట్లో పనసచెట్టు గొప్ప చెప్పడం, ఇవీ ఆయన ఉద్యోగాలు. ముందు తనే కత్తి పట్టుకుని ఒక మచ్చ గీకాడు. మచ్చ కదల్లేదు గానీ జానెడు గీత పడింది.

"కంపెనీవాళ్ళ పుస్తకంలో వేపబంకకి మందు లేదు ప్రభూ. డ్రైవర్ని మార్చడమే మందు," అన్నాడు తాపీగా.

అప్పుడే రాజుగారికి కాఫీ పట్టుకుని గున్నమ్మ వచ్చింది. కోటలో ముప్ఫై ఏళ్ళుగా వంట ఆవిడదే. పనసపొట్టు కొట్టడంలో ఆవిడకి తిరుగులేదు. మచ్చ దగ్గరికి వంగి చూసింది. గీతనీ చూసింది. ఆవిడకి ఒళ్ళు మండింది గానీ గొంతు మాత్రం పెంచలేదు.

"సూపర్నెంటుబాబూ, ఇది వేపబంకేనంటారా?"

"కాకపోతే ఈ మీసం తీయించేస్తా!"

"అంత మాటెందుకు బాబూ."

"అన్నానంటే అన్నట్టే!"

"మహాప్రభువులు విన్నారుగా," అంది గున్నమ్మ. "బాబుగారూ, మన కచేరీలో గుమాస్తాలు కవర్లంటించేది ఏ బంకతో?"

"వేపబంకతోనే," అన్నారు రాజుగారు.

"దాన్ని దేంట్లో నానేస్తారు?"

"నీళ్ళల్లో."

గున్నమ్మ చెట్టు నుంచి ఒక బంకముద్ద తెప్పించి గిన్నెడు నీళ్ళలో వేసింది. మచ్చల మీద తడిగుడ్డ పరిచింది. గంట గడిచింది. ఈలోగా రాజుగారు రెండు కాఫీలు తాగారు. గిన్నెలో బంక సగ్గుబియ్యం జావలా అయింది. బానెట్టు మీద మచ్చలు మాత్రం ఇసుమంతైనా చెక్కు చెదరలేదు.

"ఇది బాగా ముదిరిన వేప," అన్నాడు వల్లభరావు.

గున్నమ్మ గోరువెచ్చటి నువ్వులనూనె మచ్చలకి పట్టించి, తాంబూలం వేసుకున్నంతసేపు ఊరుకుంది. తర్వాత మెత్తటి పాతచీర గుడ్డతో రుద్దకుండా తుడిచింది. మచ్చలన్నీ గుడ్డకి అంటుకుని వచ్చేశాయి. కింద నల్లరంగు నిగనిగలాడింది. సూపర్నెంటుగారు పెట్టిన గీత ఒక్కటే మిగిలింది.

"నూనెకి లొంగే బంకా! ఏమిటే ఇది?" అన్నారు రాజుగారు.

"పనసపాలు మహాప్రభో. పొట్టు కొట్టేముందు చేతులకీ కత్తికీ నేను నూనె రాసుకునేది అందుకే. తొడిమ తెగితే గానీ ఈ పాలు ఇలా కారవు. ఎవరో కోసిన కాయల్ని ఈ బానెట్టు మీద ఊరేగించారు."

అందరూ వల్లభరావు వైపు చూశారు.

"ఊళ్ళో పాతిక పనసచెట్లున్నాయి ప్రభూ. నా చెట్టు కాయలేనని రుజువేమిటి?" అన్నాడు ఆయన.

అదీ నిజమే. దస్తగిరి మొహం మళ్ళీ వాడిపోయింది.

గున్నమ్మ తలూపింది.

"బాబు చెప్పింది నిజమే. ఆయన కాయలై ఉండవు. అవి ఒట్టి పీచట! వియ్యంకుడికి పంపిస్తే వాళ్ళ గేదె కూడా మూతి తిప్పుకుందట. వాటికి రాజుగారి కారెందుకు, గాడిద చాలదూ?"

వల్లభరావు మీసాలు నిక్కబొడుచుకున్నాయి.

"ఎవరే ఆ కూత కూసింది? పీచా? నా చెట్టు కాయలా? నాలుగు కాయలు, ఒక్కోటీ మణుగు! కారు మీంచి దించుతుంటే మా వియ్యంకుడి వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చి నోరెళ్ళబెట్టి చూసింది!"

అక్కడితో ఆగాడు. ఆగడం కొంచెం ఆలస్యమైంది.

రాజుగారు ఖాళీ కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"దస్తగిరీ, కారు తియ్యి. వెళ్ళి మంగలిని ఎక్కించుకురా," అన్నారు.

దస్తగిరి కళ్ళు తుడుచుకుంటూ పరుగెత్తాడు. వల్లభరావు రెండు చేతులతో మీసం మూసుకున్నాడు. గున్నమ్మ నూనెగిన్నె తీసుకొచ్చి ఆయన పక్కన పెట్టింది.

"ముందు కాస్త నూనె రాయమనండి మహాప్రభో. గీత పడకుండా వస్తుంది."

రాజుగారు పగలబడి నవ్వారు. ఆ నవ్వులోనే కంకణం తీసి గున్నమ్మ చేతికి తొడగబోయారు. ఆవిడ చెయ్యి వంటచెయ్యి, లావు. కంకణం మణికట్టు దగ్గర ఆగిపోయింది.

గున్నమ్మ దానికీ కాస్త నూనె రాసింది.